గోడ మీది పిల్ల

చిన్నోడా,

అమ్మ దీవెనలు. నేనూ చెల్లీ ఏదోలా బాగానే ఉన్నాం. జైల్లో ఇంకో దుప్పటి ఇచ్చారని రాశావు, ఆ ఒక్క మాటతో ప్రాణం కుదుటపడింది. నా మోకాలి సంగతి అడిగావు. దానికేం, రోజంతా సణుగుతూనే ఉంటుంది, అచ్చం నాలాగే.

"ఆ పాప వాళ్లమ్మని కలిశావా, నన్ను క్షమించమని అడిగావా" అని మూడు ఉత్తరాల్లోనూ రాశావు. నేనే దాటేస్తూ వచ్చాను. వెళ్లానురా. నీ వ్యాను కింద పడి పోయిన ఆ పిల్లది ఏ వీధో తెలుసు గానీ ఏ ఇల్లో తెలీదు. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు. సందు సందూ తిరిగాను. ఇస్త్రీ కొట్టు, సైకిల్ షాపు, కుక్కలున్న మేడ, అన్నీ కంఠతా వచ్చేశాయి.

వీధి చివర గోడ దగ్గర జనం మూగి, పగిలిన టైల్సూ టీ కప్పుల పెంకులూ సిమెంటుతో గోడకి అతికించి బొమ్మ చేస్తున్నారు. కాస్త వెనక్కి జరిగి చూస్తే ఆ బొమ్మ, పేపర్లో ఫొటో వేసిన ఆ పిల్లేరా, బడిసంచితో! ఇంటింటి వాళ్లూ తలో నాలుగు ముక్కలు తెచ్చారట. అక్కడే ముక్కలు అతికిస్తున్న వాళ్లమ్మ నన్ను చూసి, "అలా నిలబడిపోయారేం అక్కా, ఓ చెయ్యి వెయ్యండి. జడ ఇంకా మొదలెట్టనే లేదు" అంది. కూర్చుని నల్ల ముక్కలు ఏరాను.

ఆరు రోజులు వెళ్లాను. ఎక్కడుంటారంటే పక్క వీధన్నాను. ఆవిడ నాకు టీ పోసింది, పిల్ల అల్లరి చెప్పి నవ్వింది, నా భుజమ్మీద పడి ఏడ్చింది. నీకు చెప్పలేక నలిగిపోయింది ఇందుకే: నాకు అక్కడ హాయిగా ఉండేది. మనవాళ్లంతా మొహం చాటేశాక నన్ను నోరారా అక్కా అన్నది ఆవిడొక్కతే. ఆ పిలుపు పోతుందని నిజం మింగేశాను.

జడ పూర్తయిన రోజు ఇక ఆగలేక చెప్పేశాను, ఆ డ్రైవరు తల్లినని. ఆవిడ అరవలేదు. "నా బిడ్డ జడ నీ చేత్తో అల్లావా?" అంది. అంతవరకూ మీరు అనేది.

నిన్న వెళ్లి దూరం నుంచి చూశాను. నేను అతికించిన జడ మొత్తం ఉలితో చెక్కి తీసేశారు. మొదటిరోజే చెప్పుంటే నన్ను తిట్టి పంపేది. ఏమో, ఎప్పటికైనా నీ మాట వినేదేమో. బయటికొచ్చాక నువ్వే వెళ్లి ఆవిడ కాళ్లమీద పడతానన్నావు. వద్దు నాన్నా. నీకున్న ఆ ఒక్క దారీ నేనే మూసేశాను.

ఇట్లు,
నీ పనిమీద వెళ్లి తన సుఖం చూసుకున్న
మీ అమ్మ