మేనమామ ఒడిలో రెండోసారి

మా అక్క లక్ష్మికి, సూరత్ గోడాదరా నుంచి నీ తమ్ముడు తిరుపతి దండం పెట్టి రాస్తున్నది. నువ్వూ బావా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ నడుం నొప్పి తగ్గిందా? బీడీల చాట ముందు అదే పనిగా కూర్చోకు, అప్పుడప్పుడు లేచి తిరుగు. ఇక్కడ పద్మా నేనూ బాగున్నాం. నీ కొడుకు సంతోష్ కూడా ప్రాణానికి బాగానే ఉన్నాడు. ఆ మాట ముందే రాస్తున్నాను, మిగతాది కంగారు పడకుండా చదువు. పక్కింటివాళ్లతో చదివించకు. ఐదో తరగతి చదివావు కదా, కూడబలుక్కుని నువ్వే చదువు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే వాడు పక్కనే ఉంటాడు. పైగా నువ్వు సగం విని ఏడుపు మొదలుపెడతావు, మిగతా సగం నేను గోడకు చెప్పుకోవాలి. కాగితమైతే ఎంత ఏడ్చినా మాట అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. గాలి తగిలితే దారం తెగుతుందని మరమగ్గాల షెడ్డులో కిటికీలు తెరవరు. నూలు పీచు ముక్కులోకీ అన్నంలోకీ పోతుంది. పప్పులో కూడా బెల్లం వేసే ఊరు ఇది. పద్మ ఇంట్లో కారంగానే వండుతుంది గానీ, పుంటికూర తొక్కు నీ చేతిది నీ చేతిదే.

ఇక అసలు సంగతి. సంతోష్ వీడియో ఫోన్ ఎత్తడం లేదని, తాగుతున్నాడేమోనని బావ అనుమానపడ్డాడట. తాగడం లేదు. ఫోన్ పాడైందన్నది అబద్ధం. వాడు నీకు తల చూపించలేక అలా అన్నాడు.

వాడి జుట్టు రెండేళ్లుగా నుదుటి నుంచి వెనక్కి నడుస్తోంది, నీకు తెలుసు. ఇక్కడే సూరత్‌లో, కోసాడ్‌లో ఉండే మనవాళ్ల పిల్లనొకదాన్ని చూద్దామనుకున్నాం. పిల్ల చీరలు మడతపెట్టే పనికి పోతుంది, మంచిది. చూపుల మాట వచ్చినప్పటి నుంచి వీడికి నెత్తి తప్ప మరో ధ్యాస లేదు. నెత్తికి సూదులిస్తే జుట్టు నిలుస్తుందని విని, నన్ను వెంటబెట్టుకుని చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాడు.

ఆమె నా గుండు చూసి, "పేషెంటు మీరా?" అని హిందీలో అడిగింది.

"నాది కోతలైపోయిన పొలం మేడం. వాడిది ఇంకా పైరు మీదుంది," అన్నాను.

"పైరున్నచోటే మందు పనిచేస్తుంది. అదీ అందరికీ కాదు. ఒక్కసారితో అయ్యేదీ కాదు," అంది. నవ్వలేదు. ఇంట్లో ఇంకెవరికుందని అడిగితే, సంతోష్ నా వైపు వేలు చూపించాడు.

"గిదిగో, మా మేనమామ. నాకు గీయన పోలికే. మా అమ్మకైతే జడ గింత లావుంటది."

తల్లి వైపు నుంచైనా తండ్రి వైపు నుంచైనా రావచ్చని, ఆడవాళ్లకూ వస్తుందని, వాళ్లకు ముందు పాపిట వెడల్పవుతుందని డాక్టరమ్మ చెప్పింది. మా పక్క కుర్చీలో ఒక గుజరాతీ అమ్మాయి నెత్తిన చున్నీ తీసి సూదుల కోసం కూర్చుంది. పాపిట బండ్లబాటలా ఉంది. నాకు నువ్వు గుర్తొచ్చావు.

వాడి చేతి నుంచి రక్తం తీసి మిషన్లో తిప్పారు. మజ్జిగ మీద తేట నిలిచినట్టు పసుపుపచ్చటి నీరు పైకి తేలింది. దాన్నే మళ్లీ వాడి నెత్తిలోకి చిన్నచిన్న సూదులతో నుదుటి నుంచి నడినెత్తి దాకా గుచ్చారు. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మామా, ఏదన్న మాట్లాడు. ఊకె ఉండకు."

"గట్ల వణుకకురా. జాతరల నీళ్లు చల్లిన మేకపోతు వణికితే అమ్మోరు ఒప్పుకున్నదని కోసేస్తరు."

నవ్వాడక్కా. వాడు నవ్వగా చూసింది అదే ఆఖరు.

రెండు రోజులు చెమట, దుమ్ము, నీళ్లు తగలొద్దు, పనికి పోవద్దని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. కానీ ఇక్కడ షిఫ్టుకు రాకపోతే షెడ్డు మాస్టర్ ఆ మగ్గాల మీద ఇంకొకణ్ణి నిలబెడతాడు, మళ్లీ ఇవ్వడు. నేను ఆపితే వినలేదు, పోయాడు. నెత్తంతా ఎర్రటి చుక్కలు. అవి కనబడితే నవ్వుతారని తువ్వాల చుట్టాడు. వేడికి మేమంతా చేసేదే, దాన్ని బకెట్లో ముంచి ముంచి కట్టాడు. నూనె చేతులు కడిగేది ఆ బకెట్లోనే.

"ఏందిరా సంతోషూ, పెండ్లి కాకముందే పాగా కట్టినవ్?" అని షెడ్డంతా ఒకటే గోల. వాడు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు.

మూడోనాటికి జ్వరం. నెత్తి వాచి, ఆ వాపు కళ్ల మీదికి దిగింది. డాక్టరమ్మ చూసి వెంటనే పెద్దాసుపత్రికి పంపింది. సూది చేసిన దారిలో మురికి పోయి లోపల చీము పట్టిందని, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని, జుట్టు గొరిగి కోయాలని అక్కడ చెప్పారు.

గొరిగేవాడు వచ్చాడు. వీడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మామా, తియ్యద్దని చెప్పే. ఉన్నయే గిన్ని."

వాడి చేతులు విడదీసి తల నా ఒళ్లో పెట్టుకున్నాను. వేములవాడలో వీడి పుట్టువెంట్రుకలు తీసినప్పుడు, "మేనమామ ఒళ్లె కూసుంటె పిల్లగాడు ఏడ్వడు" అని నువ్వే నా ఒళ్లో కూర్చోబెట్టావు, యాదుందా? వాడు నా కొత్త పంచె తడిపాడు, అందరూ నవ్వారు. ఈసారీ నా ఒడి తడిసింది. ఎవరూ నవ్వలేదు.

చీము తీశారు. కళ్లకు ఏమీ కాలేదు. జ్వరం పోయింది, ఇంటికొచ్చాం, భయం లేదు. మళ్లీ రాస్తున్నాను, భయం లేదు. కానీ నడినెత్తిన అరచేయంత మచ్చ పడింది. అక్కడ ఇక వెంట్రుక మొలవదన్నారు. కోసాడ్ వాళ్లను రావొద్దని వాడే చెప్పేశాడు. అద్దం గోడకేసి తిప్పి పెట్టాడు. పద్మ పెడితే తింటాడు, లేకపోతే లేదు. నిన్న మాత్రం నోరు తెరిచాడు.

"అమ్మకు గంత జడ ఇచ్చిన దేవుడు నాకెందుకు గిట్ల చేసిండు? గిదంత నీ పోలికే మామా."

"నాదేరా," అన్నాను.

అక్కా, నీ జడ సంగతి బావకూ తెలియదు, నాకు తెలుసు. నీ సవరం దూడ తోకకు కట్టి తిట్లు తిన్నవాణ్ణి. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. ఇప్పుడూ వాడితో అనలేదు. అది నా నోటి నుంచి వచ్చే మాట కాదు.

వచ్చే వారం వాణ్ణి తీసుకుని నేనే వస్తున్నాను. గడపలో ఏడవకు. మొక్కుల మాట, పిల్ల మాట ఎత్తకు. ఒక్క పని చెయ్యి. మేం వచ్చేసరికి ఆ సవరం తీసి, వాడు తినడానికి కూర్చునేచోట మేకుకు తగిలించు. ఉన్న పిలక ముడేసుకుని, వంగి వాడికి అన్నం వడ్డించు. ఏమీ చెప్పకు. నీ పాపిట వాడి కళ్ల ముందుంటుంది, వాడే చూస్తాడు. బావ అడిగితే నా మీదికి తొయ్యి, నాకు అలవాటే.

బావకు నా దండాలు, వాడలో పెద్దలకు పద్మ మొక్కిందని చెప్పు. నీ దీవెన నాకు ఈసారి వద్దు, అదీ వాడికే పెట్టు.

నీ బోడిగుండు తమ్ముడు,
తిరుపతి