రెండోసారి చెప్తెనే

హైదరాబాదు,
11 ఆగస్టు 1988

శకుంతలక్కా,

క్షేమం అడిగే మొఖం లేదు నాకు. రేగొండకు బావ దినాలకు గుడ రాలే. సెలవు దొరకక గాదు, నీ ముంగట నిలవడలేక.

మీ బొగ్గుబాయిల గ్యాసు నిండితె గంట కొట్టే కంప్యూటర్ మా ఆఫీసుల చేసిందే. దాంట్ల అన్నిటికన్న అడుగున నడిచే ప్రోగ్రాంను కెర్నల్ అంటరు. అది నేనే రాసిన. గ్యాసును పసిగట్టే చిప్పు ఖరాబుది. గ్యాసు లేకున్నా ఊకె ఉన్నదని చెప్తది. కొత్తది బయటిదేశం నుంచి రావాలె, పర్మిట్‌కే ఏడాది. "చిప్పు మార్చలేం, ప్రోగ్రాంల సర్దు" అన్నడు మా సారు. సర్దిన. చిప్పు ఒక్కసారి చెప్తె నమ్మకు, రెండోసారి చెప్తెనే గంట కొట్టు అని రాసిన. ఆర్నెల్లు ఒక్క దొంగ గంట మోగలే. అందరు నన్ను మెచ్చుకున్నరు.

ఆ పొద్దు చిప్పు నిజమే చెప్పింది. మళ్ల చెప్పకముందే బాయి పేలింది.

ఈ వారంల మా ఆఫీసోళ్లు నీ దగ్గరికి ఒక కాయితం తెస్తరు. గంట మోగినా బావ ఇనలేదని దాంట్ల ఉంటది. మా సారే రాయించిండు, నేను చదివిన. సంతకం పెట్టకు అక్కా. గంట మోగలే. ఈ ఉత్తరం ఎంక్వైరీల చూపియ్యి. నా నౌకరి పోతె పోనీ.

బావ దినాం తోటోళ్లతోని అనేటోడట: "మా బామ్మర్ది గంట మోగలే, భయం లేదు, దిగుండ్రి." ఆ పొద్దు గుడ గదే అనుకుంట అందరికన్న ముందు దిగిండట.

నీ తమ్ముడు