చిన్నాడు అల్లిన స్వెట్టరు

ఏమండీ, ఇక్కడ ఆస్పత్రి సత్రంలో మేమిద్దరం కులాసా, కంగారు పడకండి. పెద్దాడు పరుగు పందెంలో కుప్పకూలి మనకి దక్కకుండా పోయినప్పటి నుంచి చిన్నాణ్ణి చూస్తే నాకు గుండె దడే. డాక్టరు వీడికీ పోటీ ఆటలు వద్దన్నాడు కదా. అందుకని పక్క గది మామ్మ దగ్గర స్వెట్టరు అల్లడం నేర్చుకోమని కూర్చోబెట్టాను. కుదురుగా ఉంటాడనుకున్నాను. నా మొహం! రెండో రోజుకే మామ్మతో పందెం వేశాడు.

"అమ్మా, మామ్మ ఎంతవరకు అల్లిందో చూసిరావే!" అని నన్ను వేగులవాళ్ళలో కలిపాడు. నేను వెళ్తే ఆవిడ ఊలు కొంగు కింద దాచేసి, "మీవాడికి చెప్పు తల్లీ, నాకు మెడ కూడా అయిపోయిందని" అంది. కూర్చుని అల్లుతూ చెమటలు కక్కేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. "కొలతలు తీసుకోరా" అంటే "టైము లేదమ్మా" అన్నాడు.

మామ్మే గెలిచింది. వీడు తనది తొడుక్కుంటే భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. అచ్చం పెద్దాడి కొలత. వాడు దాన్ని విప్పి మడత పెట్టాడు. తర్వాత వాడే, "నాన్నకి సరిపోతుందిలే" అన్నాడు. పార్సిల్ పంపాను. చంక కింద ఇంకో చిల్లుంది, చెయ్యి అందులో దూర్చకండి.

వంటింటి కుళాయి బాగు చేయించారా? బీపీ మాత్రలు మానకండి. చిన్నాడు మీకు దణ్ణాలు చెప్పమన్నాడు. ఇప్పుడు రెండోది మొదలెట్టాడు, తన కొలతకి, నెమ్మదిగా. ఫోన్ చేస్తే మీ అలవాటు కొద్దీ "ఎవరు గెలిచార్రా?" అనకండి. "ఏం రంగురా?" అని అడగండి.

ఇట్లు,
మీ ఇంటావిడ