రెండో పిడికెడు ఉప్పు

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

నాయనకు విష్ణుప్రియ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ అమ్మా బాగున్నాం. శ్రీరంగంలో నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. బాగాలేనిది ఒక్కటే. ఈ ఇంట్లో నేను ఏం చేసినా దానికి ఇంకో పేరు పెడతారు. కెమిస్ట్రీ చదివితే టీచరమ్మ కావాలని ఉందన్నారు. కిటికీ దగ్గర ఊరికే కూర్చుంటే దిష్టి తగిలిందన్నారు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు టీవీలో వంటల కార్యక్రమం చూస్తుంటే పెళ్లి మీద మనసైందంటున్నారు. అమ్మ నీకు చేరవేసింది కూడా అదే. "వంట మీదికి ధ్యాస మళ్లిందట, సంతోషం. నందికొట్కూరు వాళ్ల అబ్బాయి జాతకం తెప్పించమంటావా" అని రాశావు. వద్దు నాయనా.

నువ్వు అడిగిన మిగతావి చెప్తాను. అమ్మ మోకాలు కొంచెం మేలు, మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. నా ఉద్యోగం అట్లాగే ఉంది. రోజూ బస్సులో నంద్యాల పోయి, కాలేజీ ల్యాబులో పిల్లలు వాడిన గాజు గొట్టాలు కడిగి వస్తున్నాను. నీ ఇత్తడి గుండిగను చింతపండుతో తోమి బోర్లించాం. ప్రతి ఉత్తరంలోనూ దాన్ని అడుగుతావు. ఇవన్నీ ఫోనులో చెప్పవచ్చు, కానీ నువ్వు "తింటివా" అని అడిగి పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు.

ఆ కార్యక్రమం చేసేది లూదియా అనే ఆవిడ. బెంగళూరులో ఆమెకు సొంత హోటలు ఉంది. ఆమె చేసేవి అమ్మకు వంటల్లాగే కనిపించవు. మజ్జిగను గడ్డకట్టించి పొడి చేసి, వేడి అన్నం మీద చల్లుతుంది. ఒకసారి గాజు మూత కింద కట్టెపొగ నింపి, తినేవాళ్ల ముందు అది తీసింది. ఆ రోజు పక్కింటి హమీదాబీ కూడా మనింట్లోనే చూస్తోంది.

"ఏంది తల్లీ, ఆడ పొగ గూడా తింటారా?" అంది.

"తినరు ఖాలా, వాసన చూస్తారు."

"అట్లయితే మా పొయ్యి కాడికి రమ్మను. నలభై ఏండ్ల సంది ఊరికే పెడతాండా."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "ఎట్లయితేనేం, దీని సూపు పొయ్యి దిక్కు తిరిగింది" అంది. నాకు వినిపించిందని అమ్మ అనుకోలేదు.

పోయిన నెలలో లూదియా శనగలు ఉడికిన నీళ్లు తీసుకుంది. మనం గుగ్గిళ్లు వార్చి పెరట్లో పారబోసే నీళ్లే. వాటిని చల్లార్చి గిలక్కొడితే గిన్నె తలకిందులు చేసినా జారని తెల్లటి నురుగు అయింది. మరుసటి రోజు నేను కవ్వం పట్టాను. భుజం పీకేదాకా చిలికితే నిలబడింది. కొంచెం బెల్లప్పొడి కలిపి అమ్మకు ఇచ్చాను.

"సబ్బు నురగ మాదిరి ఉందే. ఏందే ఇది?"

"నోట్లో ఏసుకో, చెప్తా."

"దేవునికి పెట్టకుండానా?"

ఆ మాటతో నువ్వు గుర్తొచ్చావు.

లూదియా నిమిషానికోసారి చెంచా ముంచి రుచి చూస్తుంది. చాలలేదంటుంది, ఇంకొంచెం వేస్తుంది, మళ్లీ చూస్తుంది. అందరూ చూస్తుండగా. నువ్వు మన వీధి గుడికి ముప్ఫై ఏళ్లు ఇంట్లోనే ఆరగింపు వండి మోసుకుపోయావు. ఒక్క మెతుకు నాలుక మీద పెట్టలేదు. ఆవిరి ముక్కుకు తగులుతుందని ముఖం పక్కకు తిప్పుకునేవాడివి. నీ పిడికిలే కొలత. ఆమె ఉప్పు అందుకున్నప్పుడల్లా నాకు ఆమె చెయ్యి కనిపించదు. బొటనవేలు లోపలికి మడిచిన నీ చెయ్యి కనిపిస్తుంది. ఆ అరగంట నువ్వు ఇంట్లో ఉన్నట్టు ఉంటుంది. అందుకే ప్రకటనలు వచ్చినా లేవను. పెళ్లి కోసం కాదు.

ఇంక దాచలేను. మొన్నటి ధనుర్మాసంలో నువ్వు ఇల్లు విడవడానికి కారణమైన ఆ పులిహోర గురించి.

ఆ రోజు నన్ను తలస్నానం చేసి, మడిబట్టతో పొయ్యి దగ్గర నిలబడమని చెప్పి, తులసి కోసం పెరట్లోకి పోయావు. చింతపండు పులుసు దగ్గరపడుతోంది. ఇంగువ వాసనకు ఉండబట్టలేక వేలు ముంచి నాకాను. ఉప్పు లేదు. నువ్వు మరిచావనుకుని, నీ మాదిరే బొటనవేలు మడిచి పిడికెడు వేశాను. ఉప్పు నువ్వు అన్నంలో కలిపేటప్పుడు వేస్తావని నాకు తెలియదు. నన్ను అంతవరకు ఎప్పుడూ దగ్గరికి రానివ్వలేదు కదా.

గుడిలో ప్రసాదం నోట్లో పెట్టుకుని దామోదర్ మామ, "ఏం స్వామీ, పెరుమాళ్లకు బీపీ తెప్పిస్తాండావే" అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు ఇంటికొచ్చి అరచెయ్యి తెరిచి చూసుకున్నావు. "చెయ్యి తప్పె. ఇంక నేను వండగూడదు" అని అమ్మతో అన్నావు. సంక్రాంతి లోపల శ్రీరంగం మఠంలో కూరగాయలు తరగడానికి పోయావు. ఉప్పు సంగతి చెబితే ఎంగిలి సంగతీ చెప్పాలి. అందుకే గడప దగ్గర నీ సంచి అందించి కూడా నోరు విప్పలేదు.

నీ చెయ్యి తప్పలేదు నాయనా. ఆ రోజు కూడా నీ పిడికెడు సరిగ్గానే పడింది. రెండోది నాది. నిన్ను ఇన్నాళ్లు కత్తిపీట ముందు కూర్చోబెట్టినందుకు నాకు అన్నం సహించలేదు. రుచి చూసినందుకు మాత్రం బాధ లేదు. ఉప్పు లేదని నా నాలుక చెప్పింది నిజమే. దేవుని దగ్గర చేయవలసిందేదో నువ్వు వచ్చి చెయ్యి. గుండిగ తోమి ఉంది.

లూదియా హోటల్లో పని నేర్చుకోవడానికి ఆరుగురిని తీసుకుంటామన్నారు. నా శనగ నురుగు వీడియో పంపాను. వంట ఎవరి దగ్గర చూశావని అడిగితే నీ పిడికిలి గురించి రాశాను. రమ్మన్నారు. అక్కడ మాంసం వండుతారా అని అడుగుతావు. వండుతారు. ఆ బల్ల దగ్గర కూడా నిలబడవలసి వస్తుంది. నిలబడతాను.

అమ్మకు రేపు చెప్తాను. సోమవారం నంద్యాలలో బెంగళూరు రైలు ఎక్కుతున్నాను. అక్కడ రుచి చూసి వండుతాను.

ఇట్లు,
నీ పొయ్యి దగ్గర నిలబడిన కూతురు,
విష్ణుప్రియ