మూడుసార్లు అడిగిన ప్రశ్న

సువా, మంగళవారం

అమ్మా, రేడియోలో విని కంగారు పడకు, నేను బాగున్నాను. శనివారం రగ్బీ ఆటలో తలకు దెబ్బ తగిలింది. "ఏం కాలేదు, ఆడతాను" అన్నాను. మా జట్టులోని వసితి ఊరుకోలేదు. "దీన్ని బయటికి పంపండి సార్! ఎవరు గెలుస్తున్నారని మూడుసార్లు అడిగింది!" అని రిఫరీతో అరిచింది. దాన్ని చెడామడా తిట్టాను. రిఫరీ నన్ను బయటికి పంపేశాడు, మైదానం గీత దాటగానే వాంతి అయింది. మెదడు అదిరిందనీ, మళ్లీ తగిలి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు తలనొప్పి తగ్గింది. ఆవిడ సరేనంటే వచ్చే నెల ఆడతాను.

నన్ను తీసుకెళ్లడానికి నాన్నను పడవెక్కనివ్వకు. పైకప్పు రేకులు వేశారా? పెండలం పంపితే వసితికి కూడా పంపు. చెల్లి సేరాకు గట్టిగా చెప్పు, తలకు తగిలితే ఎవరు పిరికిదన్నా సరే, ఆట ఆపి బయటికి రావాలి. అమ్మమ్మకు ముద్దులు.

నీ లితియానా