గజం కర్ర

అక్కా,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు వద్దన్నా వినకుండా షెల్టరు నుంచి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. నేను బట్ట కొలుద్దామని గజం కర్ర తీస్తే చాలు, కుట్టు మిషను కిందికి దూరి తడిపేసేది. నిన్న ఒక గిరాకీ ఇచ్చిన కోటు గుడ్డ మీదే పోసింది. ఒళ్లు మండి, "వేషాలేస్తున్నావా!" అని వీపు మీద ఒక్కటి వేశాను. కిక్కురుమనలేదు.

నీ మరదలు పరుగెత్తుకొచ్చి, "వేషాలు కాదండీ, మీ చేతిలో కర్ర చూసి దానికి పై ప్రాణాలు పైనే పోతున్నాయి. ఎవరి దగ్గర తన్నులు తిందో పాపం" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. చూపుతోనే మనిషి కొలతలు చెప్పేస్తానని గొప్పలు పోయేవాణ్ణి కదా!

కర్ర అటక మీద పడేసి టేపుతోనే కొలుస్తున్నాను. అయినా ఇవాళ చొక్కా తగిలిద్దామని చెయ్యెత్తితే మళ్లీ మిషను కిందికి దూరింది. ఈ భయం మటుకు నేను పెట్టిందే.

అమ్మ పాత శాలువా ఉంటే పంపు, దాని పెట్టెలో పరుస్తాను. ఎందుకో ఆవిడకు చెప్పకు. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు.

దానికింకా పేరు పెట్టలేదు. పిలవడానికి నాకు మొహం చెల్లడం లేదు, నువ్వే ఒక పేరు రాసి పంపు.

నీ తమ్ముడు