నాన్న రీలు, నా ఎడంచెయ్యి

చిరంజీవి తమ్ముడు మాటుష్‌ని అక్క వెరోనా దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మీ బావ గ్లెనూ క్షేమం. ఉత్తరం మొదట అలా రాయాలి కాబట్టి రాశాను. చివరిదాకా చదివాక ఆ మాట నువ్వే కొట్టేస్తావు.

ఈరీ సరస్సు మీద మంచు కరిగింది. వాల్‌ఐ చేపలు రాళ్లగట్టు దాకా వచ్చాయని రేవంతా ఒకటే గోల. గసగసాల రొట్టె ఇంకా చేస్తున్నావా అని అడిగావు. చేస్తున్నాను. పిండి పిసకడం మాత్రం వారం నుంచి ఎడంచేత్తోనే.

ఇక నీ రెండో ప్రశ్న. "ఆ రోజు బావ గాలపు రీలు బిగింపు సరిచూశానో లేదో గుర్తు రావట్లేదక్కా, మూడేళ్లుగా కంటిమీద కునుకు లేదు. శనివారం వచ్చి నాన్న రీళ్లు రెండూ బావకిచ్చి, మోకాళ్ల మీద పడి క్షమించమంటాను" అని రాశావు. నువ్వు సరిచూశావురా. ఒకసారి కాదు, రెండుసార్లు. నేను పక్కనే ఉన్నాను.

నా వంటబల్ల మీదే కదా నాన్న రీళ్లు విప్పావు. అరిగిన బిళ్లలు మార్చావు, పాతదారం అడుగున కాస్త వదిలి దాని మీద సాగని కొత్తదారం చుట్టావు. నాన్న సాల్మన్ చేపలు పట్టిన ఆ మొండి గాలపు కర్రలకే వాటిని బిగించావు. గ్లెన్ పళ్లు కుట్టుకుంటూ వచ్చి, "ముసలాడి తుప్పు సామానుతో వాల్‌ఐలు పడతాడట! దారం ఎంత వదిలావో చెప్పే అంకెలైనా లేవు" అన్నాడు.

"అంకెలెందుకు బావా? దారాన్ని అటూ ఇటూ నడిపే ఈ వంకీ పన్నెండుసార్లు తిరిగేదాకా లెక్కపెట్టు, ఎర, చేపలున్న లోతుకే దిగుతుంది. పాత సామాను చెప్పినమాట వింటుంది. వినంది నువ్వే" అన్నావు. నేను నవ్వాను. ఆ నవ్వు గ్లెన్ మర్చిపోలేదు.

ఇంకో మాట కూడా చెప్పావు. "దారం సాగదు, కర్ర వంగదు. రీలు పక్కనున్న ఈ బిగింపు చక్రం వదులుగా ఉంటేనే చేప గుంజినప్పుడు దారం జారుతుంది. బిగించారో, వాల్‌ఐది మెత్తటి మూతి, చిరిగిపోయి కొక్కేలతో సహా ఎర మన ముఖానికే వస్తుంది." మేమిద్దరం విన్నాం.

ఆ పొద్దున నువ్వు ముందు కూర్చుని పడవ నడుపుతున్నావు. వెనక నాన్న రీళ్లు నా దగ్గర ఒకటి, గ్లెన్ దగ్గర ఒకటి. నేను దారం వదులుతూ లెక్క తప్పాను. పదకొండుకే ఆపేశాను. గ్లెన్ చేపల తలలు మోదే దుడ్డుకర్ర తీసి, పడవ అంచు మీదున్న నా కుడిచేతి మీద కొట్టాడు. రెండు వేళ్లు విరిగిన చప్పుడు నాకు వినపడింది. "ఇప్పుడు నవ్వు" అన్నాడు. ఇంజన్ మోతలో నీకేం వినపడలేదు. "ఏమైందక్కా?" అని నువ్వడిగితే, జారి పడ్డానన్నాను.

అతను సిగరెట్టు కోసం వంగినప్పుడు, అతని రీలు చక్రం ఎడంచేత్తో బిగించాను, ఇక తిరగనంత వరకూ.

అతని గాలానికి పడిన చేప పెద్దది. ఎగతాళిగా కేకలేస్తూ, అంచు మీదకి వంగి లాగాడు. చేప మూతి చిరిగింది. ఎర తిరిగొచ్చి అతని ఎడమకంట్లో దిగింది. నెత్తురు కారుతున్నా లేచి నిన్ను కొట్టాడు. పెదవి పగిలి రెండు పళ్లు రాలినా, నువ్వు చెయ్యెత్తలేదు. "తప్పు నాది బావా, నాది" అంటూనే పడవ తిప్పావు. నేను నోరు విప్పలేదు.

చేప తప్పిపోయి రేవులో నలుగురూ అతన్ని చూసి నవ్వితే చాలనుకున్నాను. కాదురా, ఇప్పుడూ అబద్ధమే రాస్తున్నాను. ముఖానికే రావాలని కోరుకున్నాను. ఆ నేరం నీ మీద పడితే, నేను నీ వెనక దాక్కున్నాను. సిగ్గుగా ఉంది. కన్ను పోయినందుకు మాత్రం కాదు.

కన్ను పోయినంత మాత్రాన బుద్ధి వస్తుందా? ఇప్పుడు ఒంటికన్నుతో గురి తప్పుతోంది, అందుకని తగిలేదాకా కొడుతున్నాడు. పోయిన వారం నా కుడిమణికట్టు విరిచాడు. ఈ వంకర రాత అందుకే.

నువ్వు ఎవరి ముందూ మోకరిల్లొద్దు. రీళ్లు నీ దగ్గరే ఉంచుకో. శనివారం దాకా ఆగకు, గురువారమే లారీ వేసుకుని రా. ఆ రోజు అతను కంటి డాక్టరు దగ్గరికి వెళ్తాడు, మధ్యాహ్నం దాకా రాడు. నాదొకటే సంచి. నిజం తెలిశాక నా ముఖం చూడాలనిపించకపోతే, బస్సుల దగ్గర దింపి వెళ్లిపో. నిన్నేమీ అనుకోను.

ఈ ఉదయం ఆ దుడ్డుకర్రని సరస్సులోకి విసిరాను. కర్ర కదా, తేలింది. గాలికి మళ్లీ మా రేవుకే కొట్టుకొచ్చింది. తీసుకొచ్చి పొయ్యిలో పెట్టాను. తడికర్ర, ఈ ఉత్తరం రాసినంతసేపూ పొగ చిమ్ముతూనే ఉంది, ఇప్పుడే అంటుకుంది. శనివారం పొద్దున పడవెక్కేముందు గ్లెన్ దానికోసం చెయ్యి చాపుతాడు. అప్పటికి నేనిక్కడ ఉండకూడదు.

ఇట్లు,
నీ వెనక దాక్కున్న
మీ అక్క వెరోనా